మిలిటరీ నాన్న కథ రాసి పెట్టుకోవడం ఎలా

మన ఊళ్లలో ఆర్మీలో చేసి వచ్చిన మనిషి పేరు ముందు మిలిటరీ అనే మాట వచ్చి చేరుతుంది, ఇక జీవితాంతం పోదు. మిలిటరీ తాత, మిలిటరీ బాబాయి, మిలిటరీ వాళ్లిల్లు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికైతే ఊరి పేరే మిలిటరీ మాధవరం అయిపోయింది, ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ అక్కడి కుటుంబాలు తరం తర్వాత తరం సైన్యానికి మనుషుల్ని పంపుతూనే ఉన్నాయి. అంత పేరున్న మనిషి పోయాక పెద్దకర్మ నాడు మనం చేసేదేమిటంటే, యూనిఫాం ఫోటో పెద్దది చేయించి ఫ్లెక్సీ వేయించి, కింద రెండు తేదీలూ, "క్రమశిక్షణకు మారుపేరు" అనే ఒక వాక్యమూ రాయించడం. మనవడు అడిగితే "మీ తాత యుద్ధం చేశాడురా" అంటాం. ఏ యుద్ధం, ఎక్కడ, అక్కడ ఆయన పని ఏమిటి అంటే ఇంట్లో ఎవరికీ గట్టిగా తెలియదు.

దీనికి కారణం ఉంది. ఆ మనిషివి రెండు జీవితాలు. పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో బ్యారక్‌లో, ఆ తర్వాత మిగతాదంతా ఇంట్లో. మొదటిది కాగితాలకి తెలుసు, రెండోది ఇంట్లో వాళ్లకి తెలుసు. రెండిటినీ ఒకచోట కూర్చోబెట్టే మనిషి ఉండాలి, ఆ పని మీరు చేయాలి, అది కూడా మీ అమ్మగారు ఉండగానే. మా నాన్నగారిది రాశాక చుట్టాలవీ స్నేహితులవీ ఇలాంటివి కొన్ని దగ్గరుండి రాయించాను కాబట్టి, ఏది ముందు చేయాలో ఏది తర్వాతైనా ఫరవాలేదో ఇక్కడ చెబుతున్నాను.

మొదటి పది రోజుల్లో ఏదీ పారేయనివ్వకండి

మనిషి పోయిన ఇంట్లో మొదట జరిగేది సర్దడం. బట్టలు ఎవరికో ఇచ్చేస్తారు, మంచం బయటపెట్టేస్తారు, పాత కాగితాలు "ఇవన్నీ ఎందుకులే" అని ఒక మూటగా కడతారు. ఎవరినీ నొప్పించకుండా ఒక్క మాట చెప్పండి: ట్రంకు పెట్టె జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దని. ఆ ఆకుపచ్చ లేదా నల్ల ఇనప పెట్టె, మీద తెల్ల పెయింటుతో నంబరూ ర్యాంకూ పేరూ రాసి ఉంటుంది చూడండి, అదే మీ పుస్తకంలో సగం.

దాన్ని తీసేటప్పుడు ఒక్కరే కూర్చోకండి, పక్కన ఇంకొకరు ఉండాలి, ఒకరు తీస్తుంటే ఇంకొకరు ఫోన్‌లో ఫోటోలు తీయాలి. పెట్టె తెరవగానే లోపలి సామాను కదపకముందే ఒక ఫోటో, ఎందుకంటే ఏది పైన పెట్టుకున్నాడు, ఏది అడుగున దాచుకున్నాడు అనేది కూడా ఆయన గురించి చెబుతుంది. మూత లోపలి వైపు చూడటం మరచిపోవద్దు. చాలామంది అక్కడ దేవుడి పటమో, పెళ్లి ఫోటోనో అంటించుకునేవారు. మా నాన్నగారి పెట్టె మూతకి లోపల వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ బొమ్మ, దాని పక్కన మా అక్క నెలల పిల్లగా ఉన్నప్పటి స్టూడియో ఫోటో, రెండిటి అంచులూ తడి తగిలి ముడుచుకుపోయి ఉన్నాయి. ఫోటో అంచున బొటనవేలు పెట్టినంత మేర రంగు పోయింది. లోపల కలరా ఉండల వాసన, ఇత్తడి మెరిపించే బ్రాసో డబ్బా, ఇత్తడి బకిల్ ఉన్న బెల్టు, సొట్టలు పడ్డ మగ్గు, దారపు కట్టలో ఉత్తరాలు. ఆ కట్ట విప్పేటప్పుడు వరస మారకుండా చూసుకోండి.

కాగితాల్లో ముఖ్యమైనవి సర్వీసు నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ బుక్, పెన్షన్ పేమెంట్ ఆర్డర్ అంటే పీపీఓ, మాజీ సైనికుల వైద్యానికి వాడే ఈసీహెచ్ఎస్ కార్డు, క్యాంటీన్ కార్డు, మెడల్సు, కోర్సులు పాసైన సర్టిఫికెట్లు. అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్‌కి మొదటి రెండూ కావాలి కాబట్టి ఆ పని ముందు మొదలుపెట్టండి, కథ రాయడం దాని తర్వాతే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళితే ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. ఎంత పాతబడిపోయినా అసలు కాగితాలకి లామినేషన్ మాత్రం చేయించొద్దు, ఒకసారి చేయించాక మళ్లీ ఊడదీయలేం. స్కాన్ తీయించి, అసలుది ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టండి చాలు.

జెండా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు దుఃఖంలో ఎవరో ఒకరు ప్రేమకొద్దీ త్రివర్ణ పతాకం తెచ్చి కప్పబోతారు. మామూలుగా కుటుంబం చేసుకునే అంత్యక్రియల్లో జాతీయ జెండాని భౌతికకాయం మీద కప్పకూడదు. ప్రభుత్వ లాంఛనాలతో గానీ సైనిక, పారామిలటరీ లాంఛనాలతో గానీ జరిగే వాటికే ఆ మర్యాద, అప్పుడు కూడా జెండాని చితి మీద ఉంచరు, సమాధిలో దింపరు. నియమాలు బాగా ఎరిగిన మనిషి అంత్యక్రియల్లో నియమం తప్పకుండా చూడటం కూడా ఆయనకిచ్చే గౌరవమే. రెజిమెంటు టోపీ, మెడల్సు ఒక చిన్న బల్ల మీద ఫోటో పక్కన పెట్టండి, నిండుగా ఉంటుంది. మెడల్సు మాత్రం ఆయనతో పాటు పంపించేయకండి.

డిశ్చార్జ్ బుక్ చదవడం

అది చూడటానికి పొడి కాగితమే గానీ అందులో వరసగా చాలా ఉంటుంది: ఆర్మీ నంబరు, ఏ రెజిమెంటు లేదా కోర్, ఎప్పుడు ఎక్కడ భర్తీ అయ్యాడు, ఎప్పుడు ఏ కారణంతో బయటికొచ్చాడు, చివరి ర్యాంకు, మెడల్సు, నడవడిక గురించి ఒక మాట, ఒంటి మీద పుట్టుమచ్చలు. ఒక తెల్ల కాగితం తీసుకుని అడ్డంగా గీత గీసి, భర్తీ తేదీ నుంచి డిశ్చార్జ్ తేదీ దాకా సంవత్సరాలు వేసుకోండి. ఇకమీదట దొరికే ప్రతి విషయాన్నీ ఆ గీత మీద పెట్టుకుంటూ పోవాలి. పైన ఆర్మీ సంగతులు, కింద ఇంటి సంగతులు: పెళ్లి, పిల్లల పుట్టుక, తాతగారు పోవడం, ఇల్లు కట్టడం, తుఫాను. ఈ ఒక్క కాగితం తయారైతే సగం పని అయినట్టే.

పుట్టిన తేదీ జులై 1 అని ఉంటే వెంటనే నమ్మేయకండి. ఆ తరంలో బడిలో వేసిన తేదీనే భర్తీ అప్పుడూ రాయించుకున్నవాళ్లు ఎక్కువ. నాన్నమ్మో పెద్దమ్మో "ఫలానా గాలివాన ఏడాది, సంక్రాంతికి ముందు" అని చెబితే అది కూడా రాయండి, రెండూ ఉంచండి. పేరు కూడా అంతే. ఇంటిపేరు చివరికి వెళ్లిపోయి, అక్షరాలు మారిపోయి, తండ్రి పేరుతో కలిసిపోయి ఉంటుంది. కాగితంలో ఎలా ఉందో అలాగే ఒకచోట రాసి ఉంచుకోండి, రేపు సైనికుల సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్ ఆఫీసుకి రాయాల్సి వస్తే ఆ స్పెల్లింగే కావాలి.

ర్యాంకు సరిగ్గా రాయండి. మిలిటరీలో చేసిన ప్రతివాడూ మేజరూ కర్నలూ కాదు, కానక్కర్లేదు కూడా. సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్, ఆ పైన నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్, ఒక్కొక్క మెట్టూ ఏళ్ల తరబడి చేస్తే వచ్చింది. సిపాయిని ఆర్టిలరీలో గన్నర్ అంటారు, ఇంజినీర్లలో శాపర్ అంటారు, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్, బండ్లూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మన్. ఆయన ఏ పేరుతో పిలిపించుకున్నాడో ఆ పేరే వాడండి.

మెడల్ వెనక ఉన్న సంగతి

మెడల్ అంచు మీద భూతద్దం పెట్టి చూడండి, చాలావాటికి నంబరూ ర్యాంకూ పేరూ చెక్కి ఉంటాయి. పేరు కింద వేరే ర్యాంకు కనిపిస్తే గాభరా పడొద్దు, అది వచ్చేనాటికి ఆయన ఉన్న ర్యాంకు అది. దాన్ని కూడా మీ గీత మీద పెట్టుకోవచ్చు.

యుద్ధాల విషయంలో మెడల్సే మీకు నిజమైన సాక్షి. 1965కి రెండున్నాయి: సమర్ సేవా స్టార్ యుద్ధరంగంలో ఉన్నవాళ్లకి, రక్షా మెడల్ ఆ కాలంలో సర్వీసులో ఉన్నవాళ్లకి. 1971కి మూడు: తూర్పు రంగంలో ఉన్నవాళ్లకి పూర్వీ స్టార్, పడమటి రంగంలో ఉన్నవాళ్లకి పశ్చిమీ స్టార్, ఆ సమయంలో సర్వీసులో ఉన్నవాళ్లకి సంగ్రామ్ మెడల్. అంటే ఒక్క సంగ్రామ్ మెడలే ఉంటే ఆయన ఆ కాలంలో సర్వీసులో ఉన్నాడు గానీ ఆ రెండు రంగాల్లోనూ లేడని అర్థం చేసుకోవచ్చు. కార్గిల్‌కి ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్ ఉన్నాయి. సైన్య సేవా మెడల్ రిబ్బను మీద ఉండే చిన్న పట్టీ చదవండి, జమ్మూ కాశ్మీర్ అనో హిమాలయ అనో నేఫా అనో ఉంటుంది, నేఫా అంటే ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్. తొమ్మిదేళ్లకీ ఇరవయ్యేళ్లకీ లాంగ్ సర్వీస్ మెడల్సు, 1972లో స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, ఇవి యుద్ధానివి కావు గానీ అక్కడ నిలబడి ఉన్నందుకు వచ్చినవి.

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. పెంచి రాయకండి. ప్రేమకొద్దీ చాలా కుటుంబాలు "పాకిస్తాన్ ట్యాంకులు పేల్చాడు" అని రాసేస్తాయి, తీరా చూస్తే ఆయన సరఫరాలు చూసే ఏఎస్‌సీలో రేషన్ బండి నడిపాడు. ఆ బండి వెళ్లకపోతే పైన పోస్టులో ఉన్నవాళ్లకి తిండి లేదు. మంచులో, ఒక పక్క కొండ ఒక పక్క లోయ ఉన్న దారిలో, రాత్రిపూట లైట్లు ఆపుకుని కాన్వాయ్‌లో బండి నడపడం ఎంత కష్టమో రాస్తే అది ఏ ట్యాంకు కథకీ తీసిపోదు. లంగర్‌లో వండినవాడు, బండ్లు బాగుచేసినవాడు, వైర్లు లాగినవాడు, గాయపడ్డవాళ్లని మోసినవాడు, అందరూ సైనికులే. ఆయన బతికుండగా తన గురించి చెప్పుకోని గొప్పలు పోయాక మనం ఆయన నెత్తిన పెట్టకూడదు.

కాగితాలు దొరకకపోతే రికార్డ్ ఆఫీసుకి రాయాలి. ప్రతి రెజిమెంటుకీ కోర్‌కీ ఒకటి ఉంటుంది: మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌ది బెంగళూరు, ఆర్టిలరీది నాసిక్ రోడ్ క్యాంప్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, ఆర్డ్‌నెన్స్ కోర్‌దీ ఈఎంఈదీ మన సికింద్రాబాదే. నంబరు, ర్యాంకు, పేరు, మీరు ఆయనకేమవుతారు, ఏం కావాలి అనేవి ఒక పేజీలో రాసి, మరణ ధ్రువపత్రం, బంధుత్వం చూపే కాగితం జతచేసి, వీలైతే అమ్మగారి సంతకంతోనే పంపండి. ఆర్మీ కాగితాల్లో ఆయన భార్యగా ఉన్న పేరు ఆవిడదే కాబట్టి ఆవిడ అడిగితే అభ్యంతరాలు తక్కువ. జవాబుకి టైం పడుతుంది, ఈలోపు మిగతా పని చేసుకుంటూ ఉండండి.

ఉత్తరాలూ ఫోటోలూ

ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటుంది, లేదా 99 ఏపీఓ, ఇది తూర్పు వైపు యూనిట్లకి. పోస్టు ముద్రలో కూడా ఫీల్డ్ పోస్టాఫీసు నంబరే తప్ప స్థలం పేరుండదు. అందుకే మన నాన్నమ్మలకి కొడుకు ఎక్కడున్నాడో తెలిసేది కాదు, ఆ రెండంకెల నంబరే వాళ్లకి ఊరు. తేదీ మాత్రం ఉంటుంది, దాన్ని గీత మీద పెట్టుకుంటే ఆయన ఏ నెలలో ఏం ఆలోచిస్తున్నాడో తెలుస్తుంది. "ఇచ్చట నేను క్షేమము, అచ్చట మీరు క్షేమమని తలుస్తాను" దాటి చూడండి. దూడని అమ్మొద్దనీ, చెల్లెలి పెళ్లికి సెలవు అడిగాననీ, చిట్టి డబ్బు కట్టమనీ, బాబుకి దగ్గు తగ్గిందా అనీ ఉంటుంది. సరిహద్దులో కూర్చుని ఆయన ఇంటిని ఎలా నడిపాడో చెప్పేది ఆ మాటలే, అవి ఉన్నవి ఉన్నట్టు, తప్పులతో సహా, పుస్తకంలో వేయండి.

ఫోటోల వెనక చూడండి, స్టూడియో ముద్ర ఉంటుంది, అంబాలా అనో జబల్‌పూర్ అనో. భుజం కింద చేతి మీద వీ ఆకారపు గీతలు లెక్కపెట్టండి: ఒకటైతే లాన్స్ నాయక్, రెండు నాయక్, మూడు హవల్దార్. డిశ్చార్జ్ బుక్‌లో ప్రమోషన్ తేదీలు ఉంటే ఫోటో ఏ కాలానిదో ఇట్టే తెలిసిపోతుంది. గ్రూపు ఫోటోని పెద్దదిగా ప్రింటు తీయించి, దాని మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి తలలకి నంబర్లు వేసుకోండి, తెలిసినవాళ్ల పేర్లు పక్కన రాసుకోండి.

అమ్మని అడగడం

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అన్నిటికంటే నిదానంగా చేయాల్సింది కూడా. ఎదురుగా కూర్చుని రికార్డర్ పెట్టి "నాన్న ఎలాంటివారమ్మా?" అని అడిగితే "దేవుడురా" అంటారు, కళ్లు తుడుచుకుంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఆవిడ బియ్యం ఏరుతున్నప్పుడో, చింతపండు పిక్క తీస్తున్నప్పుడో, చేతికి పని ఉన్నప్పుడు అడగండి, అది కూడా వస్తువుల గురించి, పనుల గురించి. ముందే "మాట్లాడేది ఫోన్‌లో దాస్తున్నానమ్మా" అని చెప్పండి, దొంగచాటుగా వద్దు.

మనీయార్డర్ ఎవరి పేరు మీద వచ్చేది, తాతగారి పేరు మీదా నీ పేరు మీదా? ఈ ఒక్క ప్రశ్నకి ఆ ఇంట్లో కోడలి స్థానం ఏమిటో మొత్తం బయటికొస్తుంది. ఉత్తరం వస్తే ఎవరు చదివిపెట్టేవారు, నీకు మాత్రమే రాసిన ముక్క అందులో ఎలా పెట్టేవారు? సెలవు అయిపోయి వెళ్లేరోజు ఏం వండేదానివి, పెట్టెలో ఏం కట్టి పంపేదానివి, గోంగూర పచ్చడి జాడీ రైల్లో కారిపోకుండా ఎలా మూత బిగించేదానివి? స్టేషన్‌కి నువ్వు వెళ్లేదానివా, గుమ్మం దగ్గరే ఆగిపోయేదానివా? యుద్ధం మొదలైందని ఎలా తెలిసింది, పంచాయతీ రేడియోలోనా, ఎవరైనా వచ్చి చెప్పారా? ఆ రోజుల్లో టెలిగ్రాం అబ్బాయి సైకిలు వీధిలోకి వస్తే ఏమనిపించేది? అన్నయ్య పుట్టినప్పుడు ఆయన ఎక్కడున్నారు, ఎన్నాళ్లకి చూశారు? క్వార్టర్స్ వచ్చి తీసుకెళ్లినప్పుడు అక్కడ పక్కింటావిడ ఏ భాషావిడ, ఇద్దరూ ఎలా మాట్లాడుకునేవారు?

ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. మన పల్లెల నుంచి వెళ్లిన ఆడవాళ్లు పంజాబీ, మరాఠీ, మలయాళీ ఆడవాళ్ల మధ్య సంసారం చేసి, రోటీలు నేర్చుకుని, హిందీ నేర్చుకుని, పక్కావిడ పురుడికి తోడుండి, రెండేళ్లకోసారి సామాన్లు సర్దుకుని వేరే ఊరు వెళ్లారు. ఆయన సర్వీసులో సగం సర్వీసు ఆవిడదే. సెలవు లెక్క చూస్తే జవానుకి ఏడాదికి 60 రోజులు యాన్యువల్ లీవు, 30 రోజులు క్యాజువల్ లీవు, అదీ అన్నీ దొరికితే. మిగతా తొమ్మిది నెలలు పొలం, అత్తమామలు, పిల్లల జ్వరాలు, బడి ఫీజులు ఆవిడ మీద. కాబట్టి మీరు రాసే పుస్తకంలో ఆవిడ పేరు "భార్య" అనే మాట పక్కన ఒక్కసారి వచ్చి పోతే అది నాన్న కథ కాదు.

ఒకే రోజు అన్నీ అడగొద్దు. అలసట కనిపిస్తే ఆపేయండి. కొన్ని ప్రశ్నలకి ఆవిడ లేచి వెళ్లిపోతారు, వెంటపడకండి, ఆవిడకి చెప్పాలనిపించిన రోజు ఆవిడే మొదలుపెడతారు.

ఆయన తమ్ముళ్లని అడగండి, అన్న మిలిటరీలో ఉంటే ఇంటి పొలం చేసింది వాళ్లే. కలిసి చేసిన స్నేహితుల కోసం మండలంలో ఉండే మాజీ సైనికుల సంఘంలో వాకబు చేయండి, రెజిమెంటువారీగా వాట్సాప్ గ్రూపులు కూడా ఉన్నాయి, గ్రూపు ఫోటో పెట్టి ఫలానా సంవత్సరం, ఫలానా యూనిట్ అంటే తమిళనాడు నుంచో కేరళ నుంచో ఎవరో ఒకరు పలుకుతారు. వాళ్ల భాష రాకపోతే హిందీలో మాట్లాడండి, వాళ్లకీ అది బ్యారక్‌లో నేర్చుకున్న హిందీనే. "నాన్న అక్కడ నవ్వించేవాడా?" అని అడిగి చూడండి. ఇంట్లో ముభావంగా ఉండే మనిషి అక్కడ పాటలు పాడేవాడని తెలిస్తే ఎంత ఆశ్చర్యంగా ఉంటుందో, ఎంత సంతోషంగా ఉంటుందో.

ఇంటికొచ్చాక

2022కి ముందు భర్తీ అయిన జవాన్లకి పదిహేనేళ్ల సర్వీసుకి పెన్షన్ వస్తుంది కాబట్టి చాలామంది ముప్పయ్యయిదు, నలభై ఏళ్లకే ఇంటికొచ్చేస్తారు. అప్పటికి పిల్లలు ఎదుగుతున్నారు, తండ్రి అంటే సెలవుల్లో వచ్చే మనిషి. బ్యాంకు గార్డుగానో, డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లోనో, కరెంటాఫీసులోనో చేరాడా, మాజీ సైనికుల కోటాలో వచ్చిన రాళ్ల భూమిని సాగు చేశాడా, దాన్ని ఎలా చదును చేశాడు, ఇవి వివరంగా రాయండి. ఇంట్లో ఆయన వాడిన మాటలు ఒకచోట పోగేయండి: జల్దీ, ఠీక్ హై, ఛుట్టీ, ఫాలిన్ (వరసలో నిలబడమని), లైట్సాఫ్ (దీపాలు ఆర్పమని). మా ఇంట్లో అందరం కలిసి భోంచేస్తే దానికి బడా ఖానా అనే పేరు ఇప్పటికీ ఉంది. నాన్నగారు మద్రాస్ శాపర్, వంతెనలు కట్టినవాళ్లు, అందుకని ఊళ్లో ఎక్కడ కల్వర్టు కడుతున్నా వెళ్లి గొడుగేసుకుని నిలబడి, సిమెంటు పాళ్ల గురించి మేస్త్రీతో వాదించేవారు. బ్యారక్ జీవితమూ ఊరి జీవితమూ కలిసేది ఇలాంటి చోట్లే, వెతికితే ప్రతి మనిషిలోనూ ఒకటి దొరుకుతుంది.

తాగుడు, కోపం, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, ఎవరితోనూ చెప్పని ఒక చావు, ఇవి కూడా కొన్ని ఇళ్లలో ఉంటాయి. వీటిని ఏం చేయాలని చాలామంది అడుగుతారు. నా సలహా ఏమిటంటే, ముందు అమ్మతో, తోబుట్టువులతో కూర్చుని మాట్లాడుకోండి. దాన్ని అనుభవించినవాళ్లు ఒప్పుకుంటే నిజం నిజంగా, తీర్పు చెప్పకుండా, రెండు మూడు వాక్యాల్లో రాయండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, కానీ దానికి ఎదురుగా అబద్ధం మాత్రం రాయొద్దు. "ఎప్పుడూ కోప్పడి ఎరుగరు" అని రాస్తే చదివిన మీ చెల్లెలే పుస్తకం మూసేస్తుంది.

రాయడం, అచ్చు వేయడం

గొప్ప మాటలు తీసేసి ఆ చోట ఒక్క పని రాయండి. "క్రమశిక్షణకు మారుపేరు" బదులు ఇలా ఉండొచ్చు: "ఉదయం నాలుగున్నరకి లేచి, గడ్డం గీసుకుని, దుప్పటి నాలుగు అంచులూ కలిపి మడిచాకే బయటికొచ్చేవారు. చివరిసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు కూడా నర్సు వచ్చేలోపు దుప్పటి మడిచి కాళ్ల దగ్గర పెట్టేవారు, ఆవిడ మళ్లీ కప్పేది." ఇది చదివితే ఆయన ఎవరో తెలియనివాళ్లకి కూడా మనిషి కనిపిస్తాడు. "పిల్లలంటే ప్రాణం" బదులు, ఏ పిల్లకి ఏం చేశారో ఒక్కటి రాయండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది ఆగిపోతారు. పుట్టుకతో మొదలుపెట్టనక్కర్లేదు. ఆయన భర్తీకి వెళ్లిన రోజుతో మొదలుపెట్టండి, ఎవరితో వెళ్లాడు, ఇంట్లో చెప్పి వెళ్లాడా, జేబులో ఎంత ఉంది, పరుగులో ఎన్నో వాడు, ఎత్తు సరిపోయిందా. ఆ రోజు గురించి ప్రతి జవానూ ఎవరో ఒకరికి చెప్పి ఉంటాడు. తర్వాత ట్రైనింగు, యూనిట్లు, పెళ్లి, యుద్ధం, ఇంటికి రావడం, ఇవి మీ గీత ప్రకారం వాటంతట అవే వస్తాయి. మీకు రాయడం రాకపోతే చెప్పి రికార్డు చేయండి, ఇంట్లో చదువుకునే పిల్లలెవరైనా టైపు చేస్తారు. భాష సరిచేసే పేరుతో అమ్మ మాటల్ని పుస్తకాల తెలుగులోకి మార్చొద్దు.

డీటీపీ చేసే చోట ఇస్తే ఇరవై ముప్పై పేజీల పుస్తకం చక్కగా వేసిస్తారు. అక్షరాలు పెద్దవిగా వేయించండి, చదివేవాళ్లలో సగంమంది పెద్దవాళ్లే. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరిగే మనవలకి తెలుగు చదవడం రాకపోతే అమ్మ గొంతు ఉన్న ఆడియో ముక్కలు పంపండి, ఇంగ్లీషులో రెండు పేజీల సారాంశం రాసి పెట్టండి. ఒక జాగ్రత్త: ఆర్మీ నంబరు, పీపీఓ నంబరు, పెన్షన్ ఖాతా వివరాలు, ఆధార్ ఉన్న పేజీలు పుస్తకంలో వేయొద్దు, ఫేస్‌బుక్‌లో అసలే పెట్టొద్దు. పెన్షన్ పేరు చెప్పి ఫోన్లు చేసి పెద్దావిడల్ని మోసం చేసేవాళ్లు ఇలాంటి వివరాల కోసమే కాచుకుని ఉంటారు.

పెద్దకర్మకి ఇదంతా అవ్వదు, తొందరపడకండి. ఆ రోజుకి ఒకే పేజీ చాలు: పేరు, ర్యాంకు, రెజిమెంటు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ మెడల్సు, అమ్మ పేరు, పిల్లల పేర్లు, పైన చెప్పినలాంటి ఒక్క సంఘటన. పుస్తకాన్ని సంవత్సరీకానికి పెట్టుకోండి. క్రైస్తవ కుటుంబాలైతే జ్ఞాపకార్థ కూడికకి, ముస్లిం కుటుంబాలైతే నలభయ్యో రోజుకి ఆ ఒక్క పేజీ సిద్ధం చేసుకోవచ్చు. ఆ తర్వాత ఏటా గుర్తుచేసుకోవడానికి తిథి ఒక్కటే కాదు, డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం ఉంది, ఆ నిధికి ఆయన పేరు మీద ఏదైనా ఇవ్వొచ్చు. 1971లో ఉన్నవాళ్లకి డిసెంబర్ 16, కార్గిల్‌లో ఉన్నవాళ్లకి జులై 26, మాజీ సైనికులందరికీ జనవరి 14. వీటిలో బడి ఉన్న ఒక రోజున ఊరి హైస్కూల్లో హెడ్‌మాస్టరుగారిని అడిగి పదో తరగతి పిల్లలకి ఆయన ఉత్తరం ఒకటి చదివి వినిపించండి, మెడల్ చేత్తో పట్టుకుని చూడనివ్వండి. పిల్లలు అడిగే ప్రశ్నలకి మీ దగ్గర జవాబు లేకపోతే ఇంటికొచ్చి అమ్మని అడగండి.

మొదటి విడతలో ఇరవై ప్రతులకి మించి వేయించొద్దు. ప్రతి ప్రతి చివరా నాలుగు ఖాళీ పేజీలు ఉంచి, "మీకు తెలిసింది ఇక్కడ రాయండి, తప్పులుంటే దిద్దండి" అని పైన అచ్చు వేయించి చుట్టాలకి, స్నేహితులకి, ఆయన యూనిట్ వాళ్లకి ఇవ్వండి. మూడు నాలుగు నెలల తర్వాత ఆ ప్రతులు తిరిగి తీసుకోండి, రాయలేనివాళ్ల దగ్గరికి ఫోన్ పట్టుకుని వెళ్లండి. మేనత్తకి ఒక తేదీ తప్పనిపిస్తుంది, చిన్నాన్నకి అసలు విషయమే వేరేలా గుర్తుంటుంది, ఆయనతో పాటు భర్తీకి వెళ్లి ఎత్తు చాలక తిరిగొచ్చిన మిత్రుడు మీరెవ్వరూ వినని సంగతి ఒకటి చెబుతాడు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, ఎవరు చెప్పారో పక్కన పెట్టండి. అవన్నీ కలిపి రెండో విడత వేయించి, ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.